ఒక చెవి మీకు, ఒక చెవి నాకు



2025 సంక్రాంతి వెళ్ళిన వారంలో అమ్మగారూ మేమూ సఖినేటిపల్లిలో ఒక కుటుంబ ప్రార్థన ముగించుకుని నర్సాపురం రావడానికి పంటు ఎక్కాం. పండగ రద్దీ ఇంకా తగ్గలేదు. మోటారు సైకిళ్ళు, ఒక ఆటో, అరిసెల డబ్బాలు పట్టుకుని తిరుగు ప్రయాణమైన కూతుళ్ళు, అల్లుళ్ళు. ఎవరి ఫోనులోనో గోదారి గట్టు పాట మోగుతోంది. ఆ పండగకి వచ్చిన వెంకటేష్ సినిమాలోది. అప్పటికి నెలన్నరగా ఏ ఆటోలో చూసినా అదే పాటట. మాకు మాత్రం అదే మొదటిసారి వినడం.

పాట కొత్తది. గొంతు పాతది. ఆ గొంతు వినబడగానే మాకు తెలియకుండానే వేలు పైకి లేచింది. అమ్మగారు చూశారు.

"ఏంటండీ, అలా నవ్వుకుంటున్నారు?"

"రమణ గోగుల."

"ఆయనెవరు? మన మండలి పాస్టరు గారా?"

వశిష్ఠ దాటేసరికి కథ సగమే అయ్యింది. మిగతా సగం ఇంటికి వెళ్ళాక చెప్పాం. అందులో కొంత మీకు కూడా చెప్పవలసిన భాగం ఉంది. అందుకే ఈ వారం ఇది రాస్తున్నాం.

1999లో మేము ఇంటర్ రెండో సంవత్సరం. మేము ముగ్గురు స్నేహితులం. ఒకే వీధి, ఒకే బెంచీ, ఒకే సండే స్కూలు. నాన్నగారు సంఘ పెద్ద. మా ఇంట్లో టేపురికార్డరు ఉండేది గానీ అందులో క్రైస్తవ కీర్తనలు, పెద్ద కూటాల ప్రసంగాలు తప్ప ఇంకేవీ పెట్టకూడదు. సినిమా పాట పక్కింట్లో వినబడినా నాన్నగారు కిటికీ వేసేవారు. బ్యాండు అంటే మాకు తెలిసింది పెళ్ళి ఊరేగింపులో ఎర్ర కోట్లు వేసుకుని వచ్చే బ్యాండు మేళం ఒక్కటే. నలుగురు కుర్రాళ్ళు కలిసి, ఒకరు గిటారు, ఒకరు డ్రమ్ములు, ఒకరు కీబోర్డు పట్టుకుని, తమ పాట తామే కట్టుకుని పాడుకుంటారని, దాన్ని కూడా బ్యాండు అంటారని మాకు తెలియదు.

మా పిన్నిగారి అబ్బాయి పాలకొల్లులో ఒక రికార్డింగు షాపులో పనిచేసేవాడు. ఇప్పటి పిల్లలకి చెప్పాలి: ఆ రోజుల్లో కావలసిన పాటల పేర్లు ఒక చీటీ మీద రాసి, ఖాళీ క్యాసెట్టు కొని ఇచ్చి, రెండు రోజులాగి వెళ్తే ఆ పాటలన్నీ ఎక్కించి ఇచ్చేవారు. పక్కకి అరగంట, ముప్పావుగంట పట్టేది. చివరి పాట మధ్యలో తెగిపోయేది. ఇప్పటికీ కొన్ని పాటలు ఎక్కడ తెగిపోయేవో అక్కడే మా మనసులో ఆగిపోతాయి.

ఒక శనివారం అన్నయ్య మమ్మల్ని షాపు వెనక్కి తీసుకువెళ్ళాడు. అతని దగ్గర ఒక పాత వాక్‌మన్ ఉండేది. దాని హెడ్‌ఫోనుకి నురుగు గుండ్లు. మధ్యలో కమ్మీ కాస్త తిప్పి పట్టుకుంటే ఒక పక్క అతనికి, ఒక పక్క మాలో ఒకరికి. మిగతా ఇద్దరూ వరస కోసం నిలబడేవారు. ఇది గొప్ప పాటరా అని అతను చెప్పలేదు. ఎవరు పాడారో కూడా చెప్పలేదు. పాట నడుస్తుండగా ఉన్నట్టుండి చూపుడువేలు పైకెత్తి, "ఇదిగో, ఇప్పుడు" అన్నాడు. అరక్షణం తరవాత డ్రమ్ములు వచ్చిపడ్డాయి.

మేము పడిపోయింది ఆ పాటకా, ఆ వేలికా అని ఇప్పుడు ఆలోచిస్తే, వేలికే అనిపిస్తుంది. పాటలో ఎక్కడ ఏముందో ముందే తెలిసినవాడు ఒకడు మన పక్కన ఉన్నాడు, అది మనకి దొరకాలని మనకంటే ఎక్కువగా వాడే ఎదురుచూస్తున్నాడు. అంతకుముందు మాకు ఎవరూ పాట అలా వినిపించలేదు.

ఆ పాట "ట్రావెలింగ్ సోల్జర్". ఆ ఏడాది జూలైలో వచ్చిన "తమ్ముడు" సినిమాలోది. పాటంతా ఇంగ్లీషే. తెలుగు సినిమాలో, పవన్ కళ్యాణ్ బాక్సింగుకి సిద్ధపడే చోట, మొదటి నుంచి చివరి దాకా ఇంగ్లీషు రాక్ పాట! మేము చదివింది తెలుగు మీడియం. సగం ముక్కలు కూడా అర్థం కాలేదు. వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి, వినబడినట్టు తెలుగు అక్షరాల్లో నోటుపుస్తకంలో రాసుకున్నాం. ముగ్గురివీ మూడు రకాలుగా వచ్చాయి. సాయంత్రం కాలవ గట్టు మీద ముగ్గురం మూడు రకాలుగానూ పాడేవాళ్ళం. అసలు మాటలు ఏమిటో సెమినరీకి వెళ్ళాక గానీ తెలియలేదు. తెలిశాక అభిమానం పెరగలేదు, తరగలేదు. అది అప్పటికే అయిపోయిన పని.

తరవాత ఆయన గురించి ఒక్కో ముక్కా పోగుచేసుకున్నాం. సినిమాల్లోకి రాకముందు మిస్టీ రిథమ్స్ అనే బ్యాండు నడిపారని, "ఏ లైలా" అనే పాప్ ఆల్బం చేశారని, 1998లో "ప్రేమంటే ఇదేరా"తో సినిమా సంగీతానికి వచ్చారని. 2000లో "బద్రి" వచ్చేనాటికి ఆయన గొంతు కొంచెం బొంగురుగా ఉంటుందని ఎవరైనా అంటే మేము కొట్లాటకి దిగే దశలో ఉన్నాం.

ఇక్కడ ఒక మాట. అభిమానం అంటే ఏమిటో మన డెల్టాకి ఎవరూ నేర్పక్కర్లేదు. చిరంజీవి గారిది మొగల్తూరు. మనకి కూతవేటు దూరం. మన వైపు హీరో అభిమానం ఊరిని బట్టి, కులాన్ని బట్టి, ఏ ఇంట్లో పుట్టామన్న దాన్ని బట్టి చాలావరకు ముందే రాసిపెట్టి ఉంటుంది. చిన్నపిల్లవాడికి ఊహ తెలిసేసరికే వాడెవరి అభిమానో తేలిపోతుంది. ఇది చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా నిజం. బ్యాండు సంగతి అలా కాదు. ఏ తండ్రీ కొడుక్కి ఆస్తితో పాటు ఒక రాక్ బ్యాండును ఇచ్చిపోడు, కనీసం మన వైపు. ఎవరో ఒకరు చేతిలో పెట్టాలి.

సెమినరీ హాస్టల్లో మా గదిలో షిల్లాంగ్ కుర్రాడు ఒకడు ఉండేవాడు. వాళ్ళ వైపు చర్చికి వెళ్ళే కుర్రాడి చేతిలో గిటారు ఉండడం మన కుర్రాడి చేతిలో క్రికెట్ బ్యాటు ఉన్నంత మామూలట. వాళ్ళ ఊళ్ళో లూ మజావ్ అనే గాయకుడు 1972 నుంచి ఏటా మే 24న బాబ్ డిలన్ పుట్టినరోజు పండగ చేస్తున్నాడని అతనే చెప్పాడు. అమెరికాలో పుట్టిన పాటగాడికి మేఘాలయ కొండల్లో జన్మదినం! నువ్వు రాక్ పాటలకి ఎలా అలవాటుపడ్డావు అని అడిగితే బ్యాండు పేరు చెప్పలేదు. "మా అక్క అంట్లు తోముతూ పాడేది" అన్నాడు.

చదువుకున్నవాళ్ళు కూడా ఇంచుమించు ఇదే తేల్చారు. 2006లో "సైన్స్" పత్రికలో కొలంబియా విశ్వవిద్యాలయం వారి ప్రయోగం ఒకటి వచ్చింది. ఎవరికీ తెలియని బ్యాండ్ల పాటలు 48 తీసుకుని 14,000 మందికి పైగా జనానికి వినిపించారు. కొందరికి పాటలు మాత్రమే ఇచ్చారు. మిగతావారిని ఎనిమిది గుంపులు చేసి, తమ గుంపులో ఇంతకుముందు ఎంతమంది ఏ పాట దించుకున్నారో ఆ లెక్క కూడా చూపించారు. లెక్క చూసినవారు దాని వెంటే వెళ్ళారు. ఒక గుంపులో మొదటి స్థానంలో నిలిచిన పాటే మరో గుంపులో 40వ స్థానంలో పడింది. పాట అదే, మారింది చుట్టూ ఉన్న మనుషులు. మరీ చెత్త పాట పైకి రావడం, మరీ మంచిది అడుక్కి పోవడం అరుదేనని కూడా వారు రాశారు. కాబట్టి పాటలో ఏమీ లేదని మేము అనడం లేదు. కానీ మొదటిసారి వినే చెవిని పాట దాకా తెచ్చేది మాత్రం ఇంకో మనిషి.

నాన్నగారికి ఆ క్యాసెట్టు దొరికిన రోజు చెప్పాలి. మొదటి పక్క కీర్తనలు, రెండో పక్క "తమ్ముడు". ఆయన కేకలు వేయలేదు. పెరట్లో కొబ్బరిచెట్టు కింద కూర్చుని, వేలితో రిబ్బను మొత్తం లాగేశారు. రెండో పక్క పాటలు పోవాలంటే మొదటి పక్క కీర్తనలూ పోవాలి కదా. రెండూ ఒకే రిబ్బను మీద ఉన్నాయి. అది ఆయనకీ తెలుసు. చాలాసేపు ఆ నల్లటి కుప్ప ముందే కూర్చున్నారు. మమ్మల్ని ప్రేమించే అలా చేశారు, అందులో మాకు సందేహం లేదు. ఆయన అంత ఇష్టపడ్డ పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు కూడా 19వ శతాబ్దంలో కర్ణాటక రాగాల్లో కొత్తగా కట్టినవే. మొదటిసారి విన్న పెద్దలు ఏమనుకుని ఉంటారో. ఈ మాట నాన్నగారితో అనే ధైర్యం మాకు లేకపోయింది. ఇప్పుడు ఆయన లేరు.

ఇదంతా అనుభవించి కూడా మేము చేసిన పని ఇది. 2022లో ఒక ఆదివారం, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది, ప్రసంగం మధ్యలో జుట్టు పెంచుకుని, చొక్కా మీద బ్యాండు పేరు వేసుకుని, చెవుల్లో తీగలు పెట్టుకుని తిరిగే యవ్వనస్థుల గురించి మాట్లాడాం. పేరు చెప్పలేదు. కానీ చూశాం. మేము ఎవరి వైపు చూశామో మందిరం అంతా అటే చూసింది. ఆ అబ్బాయి లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. వాళ్ళమ్మ మాత్రం ప్రతి ఆదివారం వస్తుంది. కానుక సంచి ముందుకి వచ్చినప్పుడు రెండుసార్లు వేస్తుంది, ఒకటి తన పేరున, ఒకటి కొడుకు పేరున. మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే తేలికగా ఉండేది.

పంటు దిగి ఇంటికి వెళ్ళి కథంతా చెప్పాక అమ్మగారు ఒకటే అడిగారు. "మరి ఆ పిల్లాడు వినేది ఏంటో మీరు ఎప్పుడైనా విన్నారా?"

వినలేదు.

ఆ అబ్బాయి ఇప్పుడు రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే వెంటనే జనరేటరు వేయాలి, లేకపోతే తెల్లారేసరికి సరుకంతా పైకి తేలుతుంది. నిద్రపోని ఉద్యోగం. మరుసటి వారం సాయంత్రం మేము సైకిలు మీద చెరువు గట్టుకి వెళ్ళాం. షెడ్డులో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు గానీ చెవిలోది తీయలేదు.

"ఏం వింటున్నావు బాబూ?"

"ఎందుకండీ, మళ్ళీ ప్రసంగానికా?"

దానికి తగినవాళ్ళమే కాబట్టి ఊరుకున్నాం. కాసేపటికి, "లేదు, వినాలని వచ్చాం" అన్నాం. నమ్మలేదు. మేము మంచం చివర కూర్చున్నాం. చాలాసేపయ్యాక ఒక చెవిలోది తీసి, చొక్కాకి తుడిచి ఇచ్చాడు.

అది చౌరస్తా అనే బ్యాండు. హైదరాబాదు వాళ్ళు, పాటలు తెలుగువే. ఆ పాట పేరు "ఊరెళ్ళిపోతా మామా". మేము ఏదో విదేశీ గోల అనుకున్నది పట్నం విడిచి సొంత ఊరికి పోతాననే పాట.

తరవాత తనే చెప్పాడు. డిగ్రీ అయ్యాక అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోర్సు నేర్చుకునే రోజులు. గదికి ఆరుగురు. ఉద్యోగం రాలేదని ఇంటికి చెప్పలేక, ఫోను ఎత్తడం మానేశాడు. పై మంచం మీద కుర్రాడు ఒక రాత్రి కిందికి వంగి, అడక్కుండానే, ఒక చెవిలోది ఇతని చెవిలో పెట్టాడట. 2020 మార్చిలో కరోనా మీద అదే బ్యాండు చెయ్యీ చెయ్యీ కలపొద్దని పాట కట్టేనాటికి వీళ్ళ గదిలో ఆరుగురికీ వాళ్ళ పాటలన్నీ కంఠతా వచ్చు. హాస్టళ్ళు ఖాళీ చేయించినప్పుడు సంచి భుజాన వేసుకుని వచ్చేశాడు.

"ఆ పాట వినే ఇంటికొచ్చానండి. మీరేమో ఆ చొక్కా వేసుకున్నందుకే..."

పూర్తి చేయలేదు.

ఆ ఆదివారం మాది తప్పు బాబూ, క్షమించు అన్నాం. అతను ఏమీ అనలేదు. లేచి వెళ్ళి ఏరియేటరు దగ్గర చేరిన నాచు తీసి వచ్చాడు. వచ్చి కూర్చుని పాట మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. ఒక చోట, చెరువు వైపే చూస్తూ, వేలు పైకెత్తాడు.

"ఆయ్, ఇదిగో. ఇప్పుడు."

ఇది రాస్తామంటే పేరు వద్దన్నాడు, మిగతాది రాసుకోమన్నాడు. మందిరానికి ఇంకా రాలేదు. రమ్మని మేము అడగలేదు, మీరూ అడగవద్దని మనవి. గురువారం రాత్రుళ్ళు మా ఫోనుకి ఒక పాట పంపిస్తాడు. మొన్న పంపినదాంట్లో డప్పు ఎక్కడ మొదలవుతుందో మాకు పట్టుబడలేదు. అదే అడిగాం.

"రెండోసారి వినండి అయ్యగారూ. అన్నీ వదిలేసి దాన్నొక్కదాన్నే వినండి" అని జవాబు పెట్టాడు.

అమ్మగారూ మేమూ చెరో చెవిలో పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి పెట్టాం.