గళ్లలో గింజలు

శుక్రవారాలు మనామాలో మన పిల్లలకు తెలుగు చెబుతూ, మధ్యమధ్య లెక్కలూ చెబుతున్నాం. ఈమధ్య కంప్యూటరు లెక్క, అదే ద్విసంఖ్యామానం, చెప్పబోయి బోర్లాపడ్డాం. బోర్డుమీద 1, 0 పక్కపక్కన వేసి "ఇది రెండు" అంటే, "పది కదా ఆంటీ!" అన్నారు. వాళ్ల తప్పేముంది?

అందుకని చెక్కముక్కలు కోయించాం. ఒకటి అంగుళం, తర్వాతిది రెండు, ఆపైన నాలుగు, ఎనిమిది, పదహారు. ఒకే కొలత ముక్కలు రెండు చేరితే ఇచ్చేసి పై ముక్క తీసుకోవాలి. పిల్లలకిది ఆటయింది. మాకేమో ఊళ్లో ధాన్యం కొలతలు గుర్తొచ్చాయి. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, ఆపైన అడ్డ, కుంచం. గిద్దను ఒకటనుకుంటే కుంచం సరిగ్గా 64. (మీలో ఎవరిదగ్గరైనా సోల, తవ్వ ఉంటే ఒక్క శుక్రవారం ఎరువివ్వండి.)

అంతకన్నా వింత, మనముంటున్న ఈ దీవిలోనే ఉంది. ఖలాత్ అల్ బహ్రెయిన్ దిబ్బను 1950లలో డేనిష్ బృందం తవ్వడం మొదలుపెట్టింది. సింధు నాగరికత తూకానికి సరిపోయే తూనికరాళ్లు అక్కడ దొరికాయి. ఆ తూకాల్లో చిన్నవి 1, 2, 4, 8 అంటూ 64 దాకా రెట్టింపవుతాయి. వినగానే మాలో ఒక పెద్దాయన "చూశారా, కంప్యూటరు మనదే!" అన్నారు. మేం తలూపలేకపోయాం. కారణం ఒక చిన్నపిల్ల.

పదమూడు చెయ్యమంటే ఎనిమిది, నాలుగు, ఒకటి ముక్కలు చక్కగా పేర్చింది. రాయమంటే 111 అని రాసింది. అది ఏడు. తొందరపడి తప్పన్నాం; పిల్ల మొహం చిన్నబోయింది. ఇంటికెళ్లాక ఆలోచిస్తే తప్పు మాదే. ముక్కలు మూడు, అంకెలు మూడు వేసింది. విలువంతా ముక్క పొడవులోనే ఉన్నప్పుడు స్థానంతో పనేమిటి? తూనికరాయీ అంతే, తవ్వా అంతే. ఏ మూల పెట్టినా దాని విలువ దానిదే. లేనిదానికి చోటు అట్టేపెట్టక్కర్లేదు. మేం నేర్పింది రెట్టింపు, స్థానవిలువ కాదు.

మరుసటి వారం ముక్కలు దాచేసి, అట్టమీద అయిదు గళ్లు గీశాం. కుడిచివరిది ఒకటి, అక్కణ్ణుంచి ఎడమకు ఒక్కో గడీ రెట్టింపు. గడిలో ఒక ఖర్జూరపు గింజ పెట్టాలి, లేదా ఖాళీ వదలాలి. గింజలన్నీ ఒకే తీరు కనుక ఇక గడే చెప్పాలి. ఆ పిల్లే వచ్చి ఎడమనుంచి రెండు, మూడు, అయిదు గళ్లలో గింజలు పెట్టింది. నాలుగో గడిమీద వేలు కాసేపు ఆపింది. 1101 అని రాసింది.

ఈసారి నలభై అడిగాం, గళ్లు చాలవని తెలిసే. ఆ పిల్ల అట్టవైపు చూసి, సుద్దముక్క అడిగి, ఎడమపక్క నేలమీద ఇంకో గడి గీసుకుంది.