వ్యాయామమున సగముబలము

వ్యాయామము చేయుడని బోధించువారు నేడు పెక్కుమంది కలరు. ఇక చాలునని చెప్పువా రరుదు. పుట్టినింట మేము పెద్దలయొద్ద కావ్యములతోపాటు అష్టాంగహృదయమందలి దినచర్యాధ్యాయమును గూడ చదివితిమి. వ్యాయామమును మెచ్చుకొనిన పిమ్మట వాగ్భటుడు దానికి గట్టి హద్దు విధించినాడు. బలవంతులై, నేయి నూనెలతో గూడిన భోజనము చేయువారు సైతము తమ బలములో సగము మాత్రమే వినియోగింపవలెను. అదియు చలికాలమునను వసంతమునను. తక్కిన ఋతువులలో ఇంకను తక్కువ. మితి మీరినచో దప్పి, క్షయము, ఆయాసము, దగ్గు, జ్వరము మొదలగునవి కలుగునని చెప్పినాడు. ఆ సగము నెట్లు తెలిసికొనుట? హృదయమందుండు వాయువు నోటికి వచ్చుటయే గుర్తని సుశ్రుతసంహిత. అనగా నోటితో రొప్ప నారంభించుట యన్నమాట. నేటి వైద్యుల మాటయు ఇంచుమించు ఇట్టిదే. నడచుచు మాటలాడగలిగి, పాట పాడలేకున్నచో అది మధ్యమశ్రమ. నాలుగు మాటలకే ఊపిరికొఱకు ఆగవలసివచ్చినచో తీవ్రశ్రమ.

మా ముంచింగిపుట్టు కొండప్రదేశము. బజారునకు పోయి వచ్చుటలోనే ఎక్కుటయు దిగుటయు ఉన్నవి. మైదానమునుండి వచ్చిన యొక ఉద్యోగి భార్య మాకు పొరుగు. అడుగులను లెక్కించు గడియారమును చేత గట్టి, దినమునకు పదివేల యడుగులు తప్పరాదని ఆమె వ్రతము పట్టినది. అది చాలక పదునైదువేలు, పిదప త్రాడాట, రాత్రి భోజనమునకు మాఱుగా రెండు అరటిపండ్లు. ఇల్లూడ్చుట, బిందెలు మోయుట, బట్టలుతుకుట యథాప్రకారమే. ఈ పదివేల యంకెను ఏ వైద్యశాస్త్రమును విధింపలేదు. 1964 టోక్యో ఒలింపిక్ పందెముల పిమ్మట, 1965 లో, జపానులో అమ్మకమునకు వచ్చిన యొక యంత్రమునకు 'పదివేల యడుగుల కొలమాని' యని అర్థమిచ్చు పేరు పెట్టిరి. అంకె నోటికి ఇంపుగా నున్నది, నిలిచిపోయినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020 లో పెద్దలకు సూచించినది వారమునకు 150 మొదలు 300 నిమిషముల మధ్యమశ్రమ. ఇంటిపనియు అందు చేరును. బిందె మోసిన స్త్రీ తన లెక్కను సున్ననుండి మొదలుపెట్ట నక్కఱలేదు.

మూడు మాసములలో ఆమెకు నిద్ర దూరమైనది. బిడ్డమీద ఊరక విసుగు. ఉదయమున మెట్లెక్కబోగా కాళ్లు బరువు. శరీరము బద్ధకించుచున్నదని తలచి ఆమె ఇంకొక వేయి యడుగులు కలిపినది! రెండు నెలలు నెలసరి తప్పినపుడు మాత్రము భయపడి మాతో చెప్పినది. మేము తోడుగా డాక్టరమ్మగారియొద్దకు పోతిమి. గర్భము కాదనియు, వేఱు వ్యాధి లేదనియు పరీక్షలవలన నిశ్చయించుకొని, ఆమెగారు అడిగిన ప్రశ్న యొక్కటే: "ఏమి తినుచున్నావమ్మా?" తిండికి మించిన శ్రమ నిత్యమైనచో దేహము నెలసరిని ఆపి పొదుపు చేయునట, పిమ్మట ఎముకల బలము తఱుగును. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము 2014 లో ఈ విషయమునే క్రీడాకారులకు హెచ్చరికగా ప్రకటించినది.

ఎముకల మాట వచ్చినది గనుక ఒకటి చెప్పెదము. మన తెలుగుబిడ్డ పి. వి. సింధు 2022 ఆగస్టులో బర్మింగుహాములో బంగారుపతకము గెలిచెను. ఆ పోటీలలోనే ఎడమకాలియెముకలో ఒత్తిడిపగులు ఏర్పడుటచే అదే నెలలో జరిగిన ప్రపంచపోటీలకు పోలేకపోయెను; మరల ఆటకు వచ్చుటకు 2023 జనవరి కావలసివచ్చినది. ఇట్టి పగులు సాధారణముగా ఒక్క దెబ్బతో వచ్చునది కాదు. పదేపదే పడు భారమును సరిచేసికొనుటకు ఎముకకు వ్యవధి చాలనపుడు వచ్చును. శిక్షకులు వెన్నంటియుండువారికే ఇది తప్పనప్పుడు, గడియారమును గురువుగా నెంచుకొన్నవారి మాట చెప్పనేల?

సంతకు వచ్చు కొండస్త్రీలను మేము చూచుచుందుము. మోపు నెత్తిన బెట్టుకొని ఏటవాలు నెక్కి, మిట్టమీద దింపి, కూర్చుండి, చోడి అంబలి త్రాగిగాని లేవరు. వారి దేహదార్ఢ్యమును కొనియాడు వ్యాసములను పెక్కు చదివితిమి. వారి నడుమునొప్పిని, రక్తలేమిని గూర్చి వ్రాసినవి తక్కువ. ఎక్కడ ఆపవలెనో వారికి దెలియును; ఆపుటకు వీలులేదు. మనకు వీలున్నది.

డాక్టరమ్మగారు చెప్పిన గుర్తులలో మాకు మిక్కిలి నచ్చినది నాడి. తెల్లవారి పడకనుండి లేవకముందే మణికట్టుపై వ్రేళ్లుంచి ఒక నిమిషము లెక్కింపవలెను. వారము దినములు వ్రాసికొన్నచో మన వాడుక అంకె తెలియును. జ్వరమేమియు లేకయే కొన్ని దినములు వరుసగా అది హెచ్చియున్నచో, దేహము శ్రమనుండి తేఱుకొనలేదని అనుమానింపవచ్చును, అప్పుడు విశ్రాంతి. కండలనొప్పి కొలది దినములలో తగ్గవలెను. ఎముకమీద ఒకేచోట వ్రేలు పెట్టి చూపగల నొప్పియైనచో నడక మాని వైద్యుని చూడవలెను. శ్రమ పిదప మూత్రము తేయాకు కషాయపు రంగున వచ్చినను, గుండెలో నొప్పి కలిగినను, స్పృహ తప్పినను మఱునాటివఱకు ఆగరాదు.

మా పొరుగామె రాత్రి భోజనము మరల మొదలుపెట్టినది. త్రాడు కొక్కెమునకు వ్రేలాడుచున్నది. సాయంకాలము మాతో అరగంట నడచును, మాటలాడుచునే. మూడవ నెలలో నెలసరి వచ్చినది. గడియారమును ఆమె కుమారుడు మేకపిల్ల కాలికి గట్టి, అది దినమునకు ఎన్ని యడుగులు వేయునో చూచుచున్నాడు. మొన్న పదివేలు దాటినదట.