అమ్మ వయసెంత? 30, 40, 50 ఆ తర్వాత

ఈసారి నోటిఫికేషన్ల గురించి కాదు, స్కాలర్‌షిప్ గురించి కాదు, మన అమ్మల గురించి రాస్తున్నాం. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపికగా చదవండి. మగపిల్లలు సిగ్గుపడి వదిలేయకండి, మీకూ అమ్మలున్నారు.

రొమ్ము క్యాన్సర్ స్క్రీనింగ్ ఏ వయసు నుంచి మొదలుపెట్టాలి అన్నది ప్రపంచంలో చాలా ఏళ్ళుగా నడుస్తున్న వాదన. మా గదిలో ఆరుగురం, అందులో ఇద్దరు నర్సింగ్. వాళ్ళ పాఠంలో ఇది వచ్చిన దగ్గర్నుంచి రోజూ రాత్రి అన్నం తిన్నాక ఇదే మాట.

ముందు ఒక తేడా చెప్పాలి. ఏ బాధా లేని మనిషిని ముందుగానే పరీక్ష చేయడం స్క్రీనింగ్. గడ్డ తగిలాక చూపించుకోవడం స్క్రీనింగ్ కాదు. వాదన అంతా మొదటి దాని గురించే. రెండో దానికి వయసుతో పనే లేదు.

అమెరికాలో ప్రభుత్వానికి సలహా ఇచ్చే నిపుణుల బృందం 2009లో, మామూలు ఆడవాళ్ళు 50 ఏళ్ళ నుంచి రెండేళ్ళకోసారి మామోగ్రామ్ తీయించుకుంటే చాలంది. పెద్ద గొడవే జరిగింది. 2024లో అదే బృందం 40 నుంచి మొదలుపెట్టాలని మార్చింది. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు తెల్లవాళ్ళ కంటే సుమారు 40 శాతం ఎక్కువగా ఈ జబ్బుతో చనిపోతున్నారన్న విషయాన్ని కూడా అప్పుడు ఎత్తి చూపింది. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 45 అంటుంది, కావాలనుకుంటే 40 నుంచి చేయించుకోవచ్చు అంటుంది. బ్రిటన్‌లో 50 నుంచి 71 లోపు వాళ్ళని మూడేళ్ళకోసారి పిలుస్తారు.

తొందరగా మొదలుపెడితే మంచిదే కదా, గొడవెందుకు అని మేమూ అడిగాం. చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది, మామోగ్రామ్‌లో గడ్డ సరిగ్గా తెలీదు. లేని జబ్బు ఉన్నట్టు అనుమానం వస్తే మళ్ళీ పరీక్షలు, సూదితో ముక్క తీయడం, నెలల తరబడి భయం. ఎప్పటికీ ప్రాణం మీదకి రాని చిన్న గడ్డలకి కూడా ఆపరేషన్ చేసేస్తారు. ఆలస్యంగా మొదలుపెడితే దొరకాల్సినవాళ్ళు దొరకరు. రెండు వైపులా నష్టం ఉంది కాబట్టే వాదన తెగదు.

మన దేశం లెక్క వేరు. 2022లో ఇక్కడ దాదాపు 1,92,000 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, 98 వేల మందికి పైగా చనిపోయారని అంతర్జాతీయ అంచనా. పాశ్చాత్య దేశాల కంటే మన ఆడవాళ్ళకి సుమారు పదేళ్ళు ముందే వస్తోందని డాక్టర్లు చెప్తారు. మన ప్రభుత్వ కార్యక్రమంలో 30 దాటిన ఆడవాళ్ళని ఐదేళ్ళకోసారి చేత్తో తడిమి చూడాలి, మామోగ్రామ్ కాదు. బీపీ, షుగర్, నోరు, గర్భాశయ ముఖద్వారం పరీక్షలతో పాటే ఇదీ.

చేత్తో చూస్తే లాభముందా? ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు 1998లో మొదలుపెట్టి, 35 నుంచి 64 ఏళ్ళ మధ్య ఉన్న 1,51,538 మందిని ఇరవై ఏళ్ళు గమనించారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్ష చేశారు. క్యాన్సర్ ముందు దశలోనే దొరికింది. 50, ఆపై వయసు వాళ్ళలో చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 లోపు వాళ్ళలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. ఫలితం 2021లో వచ్చింది. అంటే 30కే మొదలుపెట్టడం సరైనదేనా అన్న ప్రశ్న మన దగ్గరా ఉంది.

ఇంతవరకు చదువుకున్నవాళ్ళ వాదన. మా గదిలో వాదన మాత్రం ఇంకో చోట ఆగింది. మా ఆరుగురి అమ్మల్లో ఐదుగురి పుట్టిన తేదీ ఆధార్‌లో జనవరి 1. ఫారం నింపినాయన ముఖం చూసి సంవత్సరం వేసేశాడు. 30, 40, 50 అని వాదించుకునేవాళ్ళకి ఆడదానికి ఒక వయసు ఉంటుందన్న నమ్మకం ఉంది. మా అమ్మలకి కాగితం మీద ఒక వయసు, ఒంటికి ఇంకో వయసు.

మాలో ఒకమ్మాయి పిన్నికి రొమ్ములో గడ్డ తగిలింది. నొప్పి లేదు. "నొప్పి లేనిది జబ్బేటి?" అంది. పసరు కట్టింది. చోళ్ళ కోత అవ్వనీ, కాఫీ పళ్ళు ఏరడం అవ్వనీ అని రెండు పంటలు గడిచాయి. పుండు పడ్డాక డోలీలో రోడ్డు దాకా, అక్కడి నుంచి ఆటోలో, చివరికి విశాఖపట్నం. ఆసుపత్రి చీటీ మీద వయసు 34. ఆమె పెద్ద కొడుక్కి అప్పటికి 22. లెక్క మీరే వేసుకోండి. పిన్ని ఇప్పుడు లేదు.

40 అని నియమం పెడితే పిన్ని కాగితం మీద తప్పిపోతుంది. 30 అంటే ఏ లెక్కలోనైనా ఉంటుంది. అందుకే మాకు 30 కావాలి. కానీ 30 అని రాసుకున్నంత మాత్రాన ఎవరూ వచ్చి చూడరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రొమ్ము పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 0.9 శాతమే. వందకి ఒక్కరు లేరు. అది పట్నాలతో కలిపి.

కాబట్టి మేం అడిగేది ఇది. పరీక్ష చేసేది ఆడమనిషే అవ్వాలి. తలుపున్న గది కావాలి, బడి వరండా కాదు. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే అమ్మలకి వాళ్ళ భాషలోనే చెప్పాలి. సంత రోజున పెట్టాలి, కోతల రోజుల్లో కాదు. అనుమానం వస్తే పెద్దాసుపత్రికి వెళ్ళే బండి, తోడు మనిషి అప్పుడే ఖాయం అవ్వాలి. చీటీ చేతిలో పెట్టి పంపేస్తే అది స్క్రీనింగ్ కాదు.

మనం చేయగలిగింది కూడా ఉంది. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు అమ్మ వయసు లెక్క కట్టండి. పెద్ద అక్కదో అన్నదో బడి సర్టిఫికెట్ తీసి, అమ్మకి పెళ్ళయిన ఎన్నాళ్ళకి పుట్టారో అడిగితే దాదాపుగా తేలుతుంది. 30 దాటితే ఆశ అక్కకి చెప్పి సబ్ సెంటర్‌కి మీరే తీసుకెళ్ళండి. నొప్పి లేని గట్టి గడ్డ, చంకలో గడ్డ, చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం, చర్మం కమలా తొక్కలా అవ్వడం, వీటిల్లో ఏది కనిపించినా వయసు చూడకండి, పంట చూడకండి. గడ్డలన్నీ క్యాన్సర్ కాదు, ఎక్కువ భాగం కాదు కూడా. తేల్చేది మాత్రం డాక్టరే. మనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అని పిలుచుకునే పథకంలో చికిత్స ఉంది, విశాఖ పక్కన అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

మన ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం మనమే. ఈ మాట అమ్మకి చెప్పడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు అన్నం తిన్నావా అని అడిగాక, ఇది కూడా అడగండి.

జై ఆదివాసీ.