ఒక్క అలిఫ్ తేడా

2023 ఆగస్టు 6. గద్దర్ పోయారని టీవీల్లో వస్తోంది. చాంద్రాయణగుట్టలో మా పక్కింటి చాచా నన్ను అడిగారు: "అంత మంచి గాయకుడికి ద్రోహి అని పేరెందుకు బేటా?"

ఉర్దూలో గద్దార్ అంటే ద్రోహి. అది గదర్ పార్టీ నుంచి తీసుకున్న పేరని చెప్పా. "ఆ పార్టీ ఏంటి?" అంటే మాత్రం నోరు పెగల్లేదు. ఆ రాత్రి ఫోన్ పట్టుకుని కూర్చున్నా.

గదర్ ముందు ఒక పత్రిక. 1913 నవంబర్ 1న శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదటి సంచిక వచ్చింది. అదీ ఉర్దూలో! తర్వాత పంజాబీలో. నడిపింది లాలా హర్‌దయాళ్. ఏ ప్రభుత్వమూ వద్దనే అరాచకవాది. రష్యా అరాచకవాది బకూనిన్ పేరుతో ఓక్లాండ్‌లో ఒక సంస్థ కూడా పెట్టాడు. గదర్ అంటే తిరుగుబాటు. 1857ని తిట్టడానికి వాడిన మాటనే వీళ్లు గర్వంగా పెట్టుకున్నారు.

డబ్బులు? కట్టెకోత మిల్లుల్లో, పొలాల్లో పనిచేసే పంజాబీ కూలీల చందాలు. ప్రెస్సు దగ్గర పదిహేడేళ్ల కర్తార్ సింగ్ సరాభా. పన్నులెంత, కరువుల్లో ఎందరు పోయారు అంటూ బ్రిటిష్ పాలన 'కచ్చా చిట్ఠా' అచ్చేసేవాళ్లు. చదువుకోడానికి అమెరికా వెళ్లిన మన దరిశి చెంచయ్య కూడా ఆ పార్టీలో చేరి, జైలు పాలయ్యాడు.

1914 మార్చిలో అరాచకవాది అంటూ హర్‌దయాళ్‌ని అమెరికా అరెస్టు చేసింది. బెయిల్ మీద బయటికొచ్చి స్విట్జర్లాండ్ వెళ్లిపోయాడు. 1915లో తలపెట్టిన తిరుగుబాటు గుట్టు లోపలి మనిషే పోలీసులకు చేరవేశాడు. ఆ ఏడాది నవంబర్ 16న లాహోర్‌లో సరాభాని ఉరితీశారు. వయసు 19.

పొద్దున్నే ఆ పత్రిక ఫొటో చాచాకి చూపించా. కళ్లద్దాలు సవరించుకుని, స్క్రీన్ పెద్దది చేసి, గడగడా చదివేశారు.

"గదర్, గద్దార్... రాతలో ఒక్క అలిఫే తేడా బేటా."

ఉరికంబం ఎక్కినోడికీ, పట్టించినోడికీ మధ్య ఒక్క గీత.

చిన్నప్పట్నుంచీ ఈ గల్లీలో ఉర్దూ మాట్లాడుతున్నా. దుకాణం బోర్డు మాత్రం చదవలేను. రాత్రంతా గదర్ గురించి ఇంగ్లీషులో చదివినోణ్ని, అసలు పేజీలో ఒక్క అక్షరం గుర్తుపట్టలేకపోయా. సిగ్గేసింది.

"మగ్రిబ్ తర్వాత రా, నేర్పిస్తా" అన్నారు చాచా.

వెళ్లా. మొదటి రోజు నాతో రాయించింది ఒక్కటే అక్షరం. అలిఫ్.