పరదేశపు పెత్తనము

విదేశోద్యోగమును గూర్చి మన గృహములలో రెండు నమ్మకములు స్థిరపడియున్నవి. కూలికై పోయినవాడు కష్టపడుననునది మొదటిది. పెత్తనమునకై పోయినవాడు సుఖపడుననునది రెండవది. మొదటిది నిజమే. రెండవదానిని పరీక్షించి చూచినవారు తక్కువ. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకొన్నదని మనవారు సామెత చెప్పుదురు. రోలునకు దెబ్బలు ఒకవైపుననే, మద్దెలకు రెండువైపులను. పరదేశమున మేనేజరను పేర బ్రతుకువాడు మద్దెల వంటివాడు. అయినను మద్దెల మొరను వినిపించుట మాత్రమే నా యుద్దేశము కాదు. ఆ దెబ్బలకు మూలమైన యేర్పాటెట్టిదో, అది మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములందు సైతము ఏ రూపమున నిలిచియున్నదో చదువరులతో కలిసి యాలోచింపవలెనని నా కోరిక.

నాది సూర్యాపేట. పదునాలుగేండ్లుగా దుబాయి నగరమున కట్టడములు కట్టు నొక సంస్థలో పనివాండ్రపై మేనేజరుగా నున్నాను. నా క్రింద నూటయెనుబది మంది కలరు. వారిలో జగిత్యాల, నిర్మల్ ప్రాంతముల తెలుగువారు, బీహారు వారు, నేపాళీయులు, బంగ్లాదేశీయులు, పెషావరు పఠానులు ఉన్నారు. చిన్ననాడు మా బజారులో వినియు మాటలాడియు నేర్చిన దక్కనీ ఉర్దూ నాకిచ్చట అన్నము పెట్టుచున్నది. అరబ్బు యజమాని మాటను ఆంగ్లేయ ఇంజనీరునకును, ఆంగ్లేయుని మాటను పఠాను డ్రైవరునకును, పఠాను కోపమును మరల యజమానికిని నేనే తర్జుమా చేయవలెను. తర్జుమాలో కోపమును కొంత తగ్గించుటయే నా విద్య.

తెల్లవారుజామున నాలుగు గంటలకు సోనాపూరు అను పేర ప్రసిద్ధమైన కార్మిక వాసములనుండి బస్సులు బయలుదేరును. ఐదున్నరకు నేను హాజరు తీసికొనవలెను. వేసవిలో, జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు, పగలు పన్నెండున్నర మొదలు మూడు గంటలదాక ఎండలో పని చేయింపరాదని ఆ దేశపు శాసనము. అది మంచి శాసనమే. కాని పని పూర్తి కావలసిన తేదీని మాత్రము ఎవ్వరును వెనుకకు జరుపరు. కావున పగలు పోయిన రెండున్నర గంటలను రాత్రి పూరింపవలెను. కాంక్రీటు బండి పదింటికి రావలసినది పండ్రెండున కొక పావుగంట ముందు వచ్చును. పోయించినచో పని విరామకాలములోనికి ప్రాకును. త్రిప్పి పంపినచో బండి కిరాయి ఎవరి ఖాతాలో వ్రాయవలెనను ప్రశ్న నాలుగు దినములు నడుచును. చిట్టచివర నది నా ఖాతాలో నిలుచును.

యజమాని కచేరీలో తరచుగా వినబడు మాట ‘బుక్రా’. అనగా రేపు. మన పల్లెలలో దయ్యము వచ్చి తలుపు తట్టునని భయపడి గోడపై ‘ఓ స్త్రీ రేపు రా’ అని వ్రాయుచుండెడివారు. అదనపు గంటలకు కూలి రాలేదని యడుగవచ్చిన పనివానికి మా కచేరీలో చెప్పబడు ‘బుక్రా’ యట్టిదే. నెల జీతములు బ్యాంకు ద్వారమున చెల్లించి ప్రభుత్వమునకు లెక్క చూపవలెనని 2009లో అక్కడ నొక పద్ధతి యేర్పడినది. అందువలన నెల జీతము వచ్చుచున్నది. లెక్కలో చేరని గంటలే వివాదములకు నిలయములు. ఆ గంటలను కొలిచి పుస్తకమున వ్రాయువాడను నేను, కొట్టివేయువాడు మరియొకడు, జవాబు చెప్పవలసినవాడను మరల నేనే.

ఇక నా పెత్తనపు కొలత యేమో వినుడు. పనివాడు ఆలస్యముగా వచ్చినచో అర దినపు కూలి కోయగలను. తలపై టోపీ లేనిచో జరిమానా వ్రాయగలను. కాని ఒక దినము సెలవిచ్చుటకు నాకధికారము లేదు. పది దిర్హములు హెచ్చించుటకు లేదు. జబ్బుపడినవానిని ఇంటికి పంపుటకు లేదు. నా చేతిలో నున్నది కోయుటయే గాని పెట్టుట కాదు. అధికారమను వస్తువును రెండుగా చీల్చి, వడ్డించు గరిటెను తమ యొద్ద నుంచుకొని, కోయు కత్తిని మాత్రము మా వంటివారి చేతికిచ్చియున్నారు. పనివానికి కనబడునది కత్తి పట్టినవాడే కదా!

గల్ఫు దేశములలో కఫాలా అను నొక యేర్పాటు చిరకాలముగా నున్నది. పరదేశి యచ్చట నుండుటకు ఒక కఫీలు, అనగా పూటకాపు, ఉండవలెను. పని ఇచ్చువాడే పూటకాపు. కావున పని విడిచినచో దేశమున నిలుచు హక్కు సైతము చిక్కున పడును. ఈ కట్టును ఇటీవల కొంత సడలించిరి. పని మారుటకు పాత యజమాని యనుమతి పొందవలెనను నియమమును కతారు 2020లో తొలగించినది. 2021లో సౌదీ ప్రభుత్వము సైతము కొన్ని మార్పులు చేసినది. పనివాని పత్రములను యజమాని పట్టియుంచరాదని యెమిరేట్ల 2021 నాటి శాసనము స్పష్టముగా చెప్పుచున్నది. శాసనమట్లున్నను, ‘భద్రము కొరకు’ అను నొక సమ్మతి కాగితముపై వ్రేలిముద్ర వేయించుకొని పాసుపోర్టులను ఇనుప పెట్టెలో నుంచు కచేరీలు లేకపోలేదు. మాది యట్టిది.

మూడేండ్ల క్రింద కోదాడ ప్రాంతపు పల్లెనుండి వచ్చిన నలుబదియైదేండ్ల తాపీ పనివాడొకడు నా క్రింద నుండెను. వచ్చుటకు ముందే అతడు అప్పులవాడు. విదేశమునకు పంపు రిజిస్టరైన ఏజెంటు పనివాని యొద్ద తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే. ఇతని యొద్ద తీసికొన్నది లక్షన్నర. ఒక సాయంకాలమతనికి తల్లి ప్రాణము మీదికి వచ్చినదని ఫోను వచ్చెను. నేను వెంటనే కచేరీకి వ్రాసితిని. పైకప్పు కాంక్రీటు ముగియువరకు ఎవ్వరికిని సెలవు లేదని జవాబు. మరునాడు స్వయముగా పోయి యడిగితిని. పెద్దవారు ఊరలేరు, తాళము వారి యొద్ద నున్నదనిరి. మూడవనాడు ఆంగ్లేయ ఇంజనీరును వెంటబెట్టుకొని పోయితిని. నాలుగవనాడు పెట్టె తెరచిరి. అప్పటికి తల్లికి దహనము జరిగిపోయెను. పాసుపోర్టును అతని చేతిలో నుంచునప్పుడు నాకు మాట పెగలలేదు. అతడే నన్నోదార్చెను.

“నువ్వేం జేస్తవు సారూ, నీ పాసుపోర్టు గూడ ఆ డబ్బల్నే ఉన్నదాయె.”

ఆ మాట నిజము. అతని పాసుపోర్టు క్రింద, అదే పెట్టెలో, నాదియు నుండెను. మా యిద్దరి జీతములకు ఎనిమిది రెట్లు భేదముండవచ్చును. తాళపుచెవి మాత్రమొక్కటే.

మన జాతికి ఈ నడిమి పెత్తనము క్రొత్త కాదు. నిజాము రాష్ట్రమునుండి బొంబాయికి పోయి రాళ్లు మోసి కట్టడములు కట్టిన కామాఠీల పేరుననే అచ్చటి కామాఠీపురా వెలసినది. తీరాంధ్రులు వేలకొలదిగా రంగమునకు పోయిరి. కోరంగి రేవును బట్టి బర్మావారు వారిని కోరంగీలనిరి. బర్మాలో మన కూలీలను ఏలినవాడు తెల్లదొర కాదు, మన తెలుగు మేస్త్రీయే. ఓడ ఖర్చునకు బయానా ఇచ్చువాడు, ఆ బయానాను అప్పుగా వ్రాయువాడు, కూలిలో కోసికొనువాడు నతడే. మలయాలో ఇట్టివానిని కంగాణి యనిరి. 1930 మే నెలలో రంగము రేవున తెలుగు కూలీలు కూలి హెచ్చింపుమని సమ్మె చేయగా, ఓడల కంపెనీలు బర్మీయులను పనిలోనికి దింపినవి; పిమ్మట మనవారితో రాజీపడి బర్మీయులను పొమ్మన్నవి. దానివలన పుట్టిన కలహమున పలువురు భారతీయులు ప్రాణములు గోల్పోయిరి. పేదవాడు పేదవాని పొడిచెను. కంపెనీల గుమాస్తాలు లెక్కలు వ్రాసికొనుచు కూర్చుండిరి.

మేస్త్రీలను దోపిడికాండ్రని చరిత్రకారులు వ్రాసినది సత్యమే. కాని మేస్త్రీ యేల యావశ్యకుడయ్యెనో గూడ విచారింపవలెను. కూలివాని భాష తెలిసినవాడు, వాని ఊరివాడు, వానిచేత ‘అన్నా’ యని పిలిపించుకొనువాడు నడుమ నున్నచో, మొర యంతయు వాని వద్దనే ఆగిపోవును. యజమాని చెవి నిర్మలముగా నుండును. మాకు జీతమిచ్చుట పని చేయించుటకని నేను చాలకాలము తలచుచుంటిని. పని వారు చేయుదురు. మొరను ఆపుటయే మా యుద్యోగము.

ఈ సంగతులు ఇంటికి తెలియవు. సెలవులో సూర్యాపేటకు వచ్చినచో పెండ్లి పందిరిలో నన్ను ముందు కుర్చీలో కూర్చుండబెట్టుదురు. పదిమంది తమ పిల్లవానికొక వీసా యిప్పింపుమందురు, నా జేబులో అవి తమలపాకులవలె నున్నట్లు. దుబాయి మేనేజరను పేరునకు పెండ్లి సంతలో కట్నపు ధర పెరుగుననియు, ఆ ధరకు ఆడపిల్లల తండ్రులు పొలములమ్ముకొనుచున్నారనియు చెప్పనేల! నా కుమార్తెకు నేను ఫోనులోని కంఠస్వరమును మాత్రమే. ఈ కష్టములు నాకే ప్రత్యేకమైనవి కావు గనుక వీనిని విస్తరింపను.

మొన్నటి సెలవులో మిర్యాలగూడలోని నా మేనమామగారిని చూడబోయితిని. ఆయన యొక బియ్యపు మిల్లులో మేనేజరు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచినది మొదలు, ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ భూములు వరిమళ్లుగా మారినవి. వడ్లతోపాటు మిల్లులును పెరిగినవి. ఇప్పుడు ఆ మిల్లులలో బస్తాలు మోయు హమాలీలు పెక్కుమంది బీహారు వారు. యాబది కిలోల బస్తా వీపున వేసికొని, తవుడు దుమ్ములో దినమంతయు పలకపై ఎక్కి దిగుచుందురు. మిల్లు వెనుక రేకుల గదిలో పదిమంది పండుకొందురు. ఆ గదిని చూచి నేను దుబాయిలో నున్నానని భ్రమించితిని. భేదమొక్కటే: అక్కడ గదికి చల్లని గాలి యంత్రముండును.

మేనమామగారు నాతో తమ యుద్యోగపు విసుగు చెప్పుకొనిరి. “అల్లుడూ, వీళ్లను నమ్మరాదురా. ఛఠ్ పండుగని పోతరు, నెల దాటినా రారు. అడ్వాన్సులు ఇచ్చి మనం కండ్లు గాయలుగాసేదాక ఎదురు జూడాలె. ఓనరేమో లారీ ఏదని నన్ను తింటడు. అందుకే వాండ్ల ఆధార్ కార్డులు నా బీరువాల పెట్టిన.”

ఆయన దుష్టుడు కాడు. పనివానికి జ్వరము వచ్చినచో తన చేతి డబ్బుతో మందు కొనిపెట్టు దయాళువు. కాని ఆ బీరువాయు మా యినుప పెట్టెయు ఒకే కమ్మరి చేసిన వస్తువులవలె నాకు తోచెను. “మామా, నా పాసుపోర్టు గూడ ఇట్లనే ఒకరి పెట్టెల ఉన్నది” అంటిని. ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత, “కార్డులిస్తే పోతరు గదరా” అనిరి. “పోకుండ ఉండేటట్టు గది, కూలి ఉంటే ఎందుకు పోతరు?” అని నేనంటిని. ఆనాడాయన కార్డులు తీసి యిచ్చిరని వ్రాయగలిగినచో నాకెంతయో సంతోషముగా నుండును. ఇయ్యలేదు. ఓనరును అడుగవలెననిరి. ఆ మాట నాకు చిరపరిచితమైనది.

ఇది ఏ నేలయో ఒకమారు స్మరింతము. వెట్టి చేయమని తిరుగబడిన నేల యిది. 1946 మొదలు 1951 వరకు జరిగిన రైతాంగ పోరాటమునకు నల్లగొండ జిల్లా, అందు సూర్యాపేట తాలూకా, ఆయువుపట్టులు. దొర గడీలో ఊరివాడు కూలి లేక పనిచేయుటను అవమానమని గ్రహించినవారి మనుమలము మనము. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన శాసనము దేశమునకంతకు వచ్చినది. ఇతర రాష్ట్రములనుండి వచ్చిన పనివారి రక్షణకు 1979లో వేరొక శాసనము వచ్చినది. అయినను అప్పు, పత్రము, ‘రేపు’ అను మాట, ఈ మూడును కలిసినచోట వెట్టి పేరు మార్చుకొని నిలుచును. గల్ఫులో మనవానికి జరిగినచో అన్యాయమని పత్రికలకు వ్రాయుదుము. మిర్యాలగూడలో బీహారువానికి జరిగినచో వ్యాపారపు అవసరమందుము. న్యాయమునకు పొలిమేరలుండునా?

యజమానులు మారువరకు నడిమివాడు చేయగలదేమియు లేదా? కొంచెము కలదు. ఆనాటి మరణము తరువాత నేను నాలుగు నియమములు పెట్టుకొంటిని. పనివాని మొరను నోటితో కాక కాగితముపై తేదీతో పైకి పంపుదును. అప్పుడు ‘మాకు తెలియదు’ అను మాటకు చోటుండదు. అదనపు గంటల లెక్క ప్రతిని పనివాని చేతికిత్తును. పాసుపోర్టు అడుగువానికి, శాసనము నీ పక్షమున నున్నదని వాని భాషలో చెప్పుదును. ప్రతివానిని నంబరుతో గాక పేరుతో పిలుతును. వీనివలన నాకు పదోన్నతి రాలేదు; రెండు తాఖీదులు వచ్చినవి. కాని గడచిన యేడాది మా పెట్టెనుండి ముప్పదియొక్క పాసుపోర్టులు బయటికి వచ్చినవి. అందు నాది యొకటి.

చదువరులలో పలువురు గృహములు నడుపువారు. ప్రతి గృహమును ఒక చిన్న కచేరీయే. వంటయింట పనిచేయు పిల్లకు వారమున కొక దినము విరామము కలదా? ఆమె జీతము ఏ తేదీన నిచ్చుచున్నాము? పండుగకు పోయెదనన్నప్పుడు మన నోట వచ్చు మొదటి మాట యేది? బయానాగా ఇచ్చిన వేయి రూపాయలు ఆమె కాలికి గొలుసు కాలేదు గదా? దూరదేశపు కఫీలును నిందించుటకు ముందు ఈ ప్రశ్నలకు మనము జవాబు చెప్పుకొనవలెను. సంస్కారము సభలలో చేయు తీర్మానములతో ముగియదు. బీరువా తాళము తెరచి, ఎవరి కాగితమును వారి చేతికిచ్చుటతో నది మొదలగును.