108 బండిలో వెనక కూర్చునే మనిషి

మిరప కోతలు అయిపోయాయి, కల్లాల పని కూడా తేలింది. కాస్త తీరిక దొరికింది కాబట్టి చాలా రోజులుగా అనుకుంటున్న విషయం రాస్తున్నాను. పోస్టు పెద్దదే. ఇప్పుడు వీలుకాకపోతే రాత్రి భోజనాలయ్యాక చదవండి, కానీ వదిలెయ్యకండి. మన ప్రాణాలకి సంబంధించిన సంగతి.

108 నంబరు తెలియని రైతు ఇవాళ లేడు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై తర్వాత ఉమ్మడి రాష్ట్రమంతా పాకింది. అంతకుముందు ఎవరికైనా ప్రాణం మీదికొస్తే నులక మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసేవాళ్ళు, లేదంటే ఎద్దుల బండి, ట్రాక్టరు. దారిలో మనిషికి ఏమైనా చేసే దిక్కు లేదు. బండి వచ్చాక ఆ బాధ తీరింది. కానీ ఇన్నేళ్ళయినా ఆ బండిలో ఎవరెవరు ఉంటారో, ఎవరి పని ఏంటో మనలో చాలామందికి తెలీదు. బండి తోలే ఆయన్ని వాళ్ళు పైలట్ అంటారు. వెనక పేషెంటు పక్కన కూర్చునే మనిషిని మనలో ఒకరు డాక్టరుగారూ అంటారు, ఇంకొకరు కాంపౌండరు అంటారు, కోపం వస్తే ఒరేయ్ అంటారు. ఆయన ఉద్యోగం పేరు ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్.

మా ఊరి కుర్రాడు ఒకడు ఈ ఉద్యోగం చేస్తున్నాడు. బీఎస్సీ చదివి, శిక్షణ తీసుకుని చేరాడు. పండక్కి ఇంటికి వచ్చినప్పుడల్లా రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి నేను అడుగుతుంటాను, వాడు ఓపిగ్గా చెప్తుంటాడు. వాడు చెప్పినవి, నేను కళ్ళారా చూసినవి కలిపి రాస్తున్నాను.

ముందు ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. ఈఎంటీ డాక్టరు కాదు. జబ్బు నయం చెయ్యడం ఆయన పని కాదు. మనిషి ఊపిరి ఆగకుండా, గుండె ఆగకుండా, రక్తం కారిపోకుండా, విరిగిన ఎముక ఇంకా చెడకుండా కాపాడి, ప్రాణంతో డాక్టరు చేతికి అప్పజెప్పడం ఆయన పని. బండిలో ఆక్సిజన్ ఉంటుంది, గొంతులో నురగ, కక్కు తీసే సక్షన్ మిషన్ ఉంటుంది, బీపీ, షుగరు చూసేవి ఉంటాయి, మెడ కదలకుండా వేసే కాలరు, నడుం విరిగినవాళ్ళని పడుకోబెట్టే బోర్డు, కాన్పు సామాను ఉంటాయి. దీన్ని బేసిక్ బండి అంటారు. గుండె కొట్టుకోవడం చూసే మానిటరు, షాకిచ్చే మిషను, వెంటిలేటరు ఉంటే అది అడ్వాన్స్‌డ్ బండి. ఈఎంటీకి అనుమానం వస్తే కంట్రోల్ రూములో ఉండే డాక్టరుకి ఫోన్ చేసి అడుగుతాడు. అది మనవాళ్ళు చూసి, "వీడికేం తెలీదు, ఫోన్లో అడుగుతున్నాడు" అని ఎగతాళి చేస్తారు. నిజానికి తెలియనిది సొంత తెలివితో చెయ్యకుండా అడిగి చేసేవాడే నమ్మదగ్గ మనిషి. ఆయన హద్దు ఎక్కడుందో ఆయనకి తెలుసు. ఆ హద్దు మనకి తెలియకే గొడవలన్నీ.

మూడేళ్ళ కింద మా బాబాయి కొడుకు, నాకు తమ్ముడు, రాత్రిపూట మిరప చేలో నీళ్ళు మళ్ళిస్తుంటే పాము కరిచింది. రక్తపింజర. గట్టు మీద టార్చి వెలుగులో పక్క చేనాయన చూశాడు. అప్పటికే ఎవరో పిక్క కింద తాడుతో బిగించి కట్టేశారు. ఒకాయన బ్లేడు తెమ్మన్నాడు, ఇంకొకాయన పక్క ఊళ్ళో మంత్రం వేసే మనిషి ఉన్నాడు, బండెక్కించమన్నాడు. మా మరదలు మాత్రం ఎవరి మాటా వినకుండా 108కి చేసింది.

వచ్చిన ఈఎంటీకి పాతికేళ్ళుంటాయి. వచ్చీ రాగానే అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని గంటలకి కరిచింది అన్నా?" కాలు కదలకుండా, విరిగిన కాలికి కట్టినట్టు బద్దలు పెట్టి కట్టాడు. వాపు ఎంతదాకా వచ్చిందో అక్కడ పెన్నుతో గీత గీసి పక్కన టైము వేశాడు. అప్పటికే బిగించి ఉన్న తాడుని మాత్రం టక్కున కొయ్యలేదు, డాక్టరుతో ఫోన్లో మాట్లాడాకే దాని సంగతి చూశాడు. బాగా బిగించిన కట్టు ఒక్కసారిగా విప్పితే ఒక్కసారిగా ప్రమాదం ముంచుకురావచ్చంట. అసలు కట్టకుండా ఉండడమే సరైన పద్ధతి.

అప్పుడు మా బాబాయి పట్టుకున్నాడు. "విషానికి సూది ఇక్కడే వేసెయ్ నాయనా, అక్కడిదాకా ఎందుకు?" అని. ఆ కుర్రాడు, "నేను వెయ్యకూడదు పెదనాన్నా" అన్నాడు. జనం ఊరుకోలేదు. ఖాళీ బండి తెచ్చావా అన్నారు, చొక్కా పట్టుకోబోయారు. బండి కదలడానికి ఐదారు నిమిషాలు ఈ రభసలోనే పోయాయి.

ఆయన ఎందుకు వెయ్యలేదో తర్వాత తెలిసింది. పాము విషానికి ఇచ్చే మందుని గుర్రాలకి కొంచెం కొంచెం విషం ఎక్కించి, వాటి రక్తం నుంచి తయారు చేస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగిటికీ అదే మందు. ఎవరు ఏ పాము కరిచినా దాన్ని చంపి తీసుకుపోవాల్సిన పని అందుకే లేదు. కానీ ఆ మందు కొందరి ఒంటికి పడదు. బీపీ పడిపోతుంది, గొంతు వాచి ఊపిరి ఆడదు. అందుకని డాక్టరు పక్కన ఉండి, విరుగుడు మందులు సిద్ధంగా పెట్టుకుని ఎక్కించాలి. పైగా కరిచిన ప్రతివాళ్ళకీ విషం ఎక్కి ఉండదు. ఆసుపత్రిలో మా వాడి రక్తం గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా పెట్టారు. గడ్డకట్టలేదు. అప్పుడు మందు మొదలుపెట్టారు. ఎనిమిది రోజులకి ఇంటికొచ్చాడు. ఇప్పుడు మళ్ళీ చేలోకి పోతున్నాడు, మోకాలిదాకా బూట్లు వేసుకుని. ఆ కుర్రాడు గీసిన పెన్ను గీత, వేసిన టైము చూసే డాక్టరు వాపు ఎంత తొందరగా పాకుతోందో అంచనా వేశాడు. మనం ఖాళీ బండి అని తిట్టిన మనిషి చేసిన పని అది.

రెండో సంగతి చెప్పాలంటే బాధగానే ఉంటుంది. మా పక్క ఊళ్ళో బోరు మోటారు స్టార్టరు దగ్గర ఒక రైతుకి షాక్ కొట్టింది. తడి నేల. నేను చేరేసరికి 108 అప్పుడే వచ్చి ఆగింది. మనిషి స్టార్టరు డబ్బా పక్కనే పడి ఉన్నాడు, వైరు వేలాడుతోంది. ఈఎంటీ పది అడుగుల దూరంలో ఆగి, "కరెంటు ఆపారా?" అన్నాడు. ఆపాం అన్నారు ఎవరో. "ఎవరు ఆపారు? ఎక్కడ ఆపారు?" అని మళ్ళీ అడిగాడు. సమాధానం చెప్పే మనిషి లేడు. స్టార్టరు బటన్ ఒక్కటే నొక్కారు, పైనుంచి వచ్చే లైను అలాగే ఉంది. లైన్‌మన్‌కి ఫోన్ చేసి లైను ఆపించి, తీసేశామని ఆయన నోటి వెంట విన్నాకే ఈఎంటీ దగ్గరికి పోయాడు. పోయాక మాత్రం ఒక్క క్షణం ఆగలేదు. ఛాతీ నొక్కుతూనే బండి ఎక్కించారు. మనిషి దక్కలేదు.

ఊరంతా ఒకటే మాట, "వాడు నిలబడి చూశాడు, అందుకే చచ్చిపోయాడు" అని. నేను ఒప్పుకోను. ఈఎంటీకి నేర్పే మొదటి పాఠం, ముందు ఆ చోటు క్షేమమా కాదా చూసుకోమని. ఆయన కూడా అక్కడ పడిపోతే రెండో పేషెంటు అవుతాడు, మొదటి మనిషిని చూసే దిక్కు ఉండదు. పాత బావిలో పూడిక తియ్యడానికి దిగినవాడు పడిపోతే, వాణ్ణి తియ్యడానికి ఒకరి వెనక ఒకరు దిగి ముగ్గురూ నలుగురూ పోయిన వార్తలు మనం ఎన్ని చదవలేదు? ధైర్యం అంటే దూకడం ఒక్కటే అనుకుంటే ఇలాగే అవుతుంది.

అసలు ప్రశ్న వేరే ఉంది. బండి వచ్చేలోపు అక్కడ పాతికమంది ఉన్నారు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర లైను ఆపించి, మనిషిని పొడి చోటుకి లాగి ఛాతీ నొక్కే పని ఎవరికీ తెలీదు. గుండె ఆగాక నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఏ బండీ మన చేల మధ్యకి అంతలో రాలేదు. ఆ మొదటి నిమిషాల ఈఎంటీ మనమే అవ్వాలి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్య ఎముక మీద అరచేయి మడమ పెట్టి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు దిగేట్టు నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీ మళ్ళీ పైకి లేవనివ్వాలి. ఒకరు అలిసిపోతే ఇంకొకరు. 108కి ఫోన్ చేసి స్పీకరు పెడితే వాళ్ళు చెప్తుంటారు, మనం చేస్తుండొచ్చు.

మూడోది పురుగు మందు. మిరప, పత్తి వేసే ఊళ్ళకి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కొట్టేటప్పుడు ఒంటి మీద పడో, గాలికి పీల్చో, మనసు బాగోలేక తాగో, ఏదైనా కావచ్చు. మనవాళ్ళు చేసే మొదటి పని ఉప్పు నీళ్ళో, పేడ నీళ్ళో తాగించి కక్కించడం. చెయ్యకండి. స్పృహ తప్పుతున్న మనిషి కక్కితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మందు పడిన బట్టలు విప్పేసి, సబ్బుతో ఒళ్ళు కడిగి, పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. చేసేవాళ్ళు చేతికి తొడుగు వేసుకోవాలి.

ఈఎంటీ వచ్చి అడిగేది ఒక్కటే, "డబ్బా ఏది?" అని. చాలా ఇళ్ళల్లో పరువు కోసం డబ్బా దాచేస్తారు, కడుపునొప్పి అని చెప్తారు. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఒకటి ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా ఘోరమైన విషం. లేబులు మీద విరుగుడు ఏంటో కూడా రాసి ఉంటుంది. కొన్ని మందులకి అట్రోపిన్ ఉంది, గడ్డి మందు పారాక్వాట్‌కి విరుగుడే లేదు. పైగా మామూలుగా ప్రాణం నిలిపే ఆక్సిజనే పారాక్వాట్ తాగినవాళ్ళకి ఎక్కువైతే చెడు చేస్తుంది. డబ్బా దాస్తే ఆయన చేతులు కట్టేసినట్టే. పరువు తర్వాత చూసుకోవచ్చు.

ఇక ఆయన బాధ్యతల్లో మనం అడగదగ్గవీ ఉన్నాయి. 108కి డబ్బులు ఇవ్వక్కర్లేదు. పేషెంటు తాగి ఉన్నా, మందు తాగినా, ఏ కులమైనా, ఏ వాడయినా ఒకే మర్యాదతో చూడాలి. బండిలో కాన్పు వస్తే ఆ తల్లికి మరుగు కల్పించాలి. ఆసుపత్రిలో గుమ్మం దగ్గర దింపేసి పోకూడదు. ఏం జరిగింది, బీపీ ఎంత, ఏం ఇచ్చాడు, అన్నీ కాగితం మీద రాసి అక్కడి సిబ్బందికి అప్పజెప్పాలి. ఇవి జరక్కపోతే అడగండి, ఫిర్యాదు చెయ్యండి. అది మన హక్కు. చొక్కా పట్టుకోవడం హక్కు కాదు.

2021లో పార్లమెంటు అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం చేసింది. ల్యాబ్ టెక్నీషియన్లు, ఫిజియోథెరపీ వాళ్ళతో పాటు ఈ ఎమర్జెన్సీ వాళ్ళని కూడా అందులో చేర్చారు. ఎంత చదవాలి, ఎవరి పేరు రిజిస్టరులో ఉండాలి అన్నది దేశమంతా ఒకే పద్ధతిలోకి తేవాలని ఉద్దేశం. నర్సుకీ డాక్టరుకీ ఉన్నట్టే వీళ్ళకీ ఒక గుర్తింపు, ఒక జవాబుదారీతనం రావడం మంచిదే.

రోడ్డు మీద దెబ్బ తగిలినవాళ్ళని చూసి, పోలీసు కేసు అవుతుందని భయపడి పక్కకి పోయేవాళ్ళకి ఒక మాట. సాయం చేసినవాళ్ళని ఇబ్బంది పెట్టకూడదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో కూడా ఆ రక్షణ పెట్టారు. మెడ, నడుం విరిగిందన్న అనుమానం ఉంటే మాత్రం చేతులు, కాళ్ళు పట్టి ఎత్తకండి. మంటలో, నీళ్ళలో ఉంటే తప్ప బోర్డు వచ్చేదాకా కదపకండి.

మన వంతు పని కూడా చెప్పుకుందాం. ఫోన్లో "మా చేలో" అంటే వాళ్ళకి తెలీదు. ఊరు, మండలం, దగ్గరున్న గుడో, ట్యాంకో, ఏ డొంకలోంచి రావాలో చెప్పండి. ఒక మనిషిని మెయిన్ రోడ్డు మీదికి పంపండి, రాత్రయితే లైటు ఇచ్చి పంపండి. ఫోన్ చేసిన నంబరు ఖాళీగా ఉంచండి. దారికి అడ్డంగా ట్రాక్టర్లు, కంప ఉంటే తియ్యండి. బండిలో ఒకరు చాలు, పదిమంది ఎక్కితే ఆ మనిషికి చెయ్యి తిప్పే చోటు ఉండదు.

మీ ఊళ్ళో స్కూల్లోనో, పంచాయితీ ఆఫీసులోనో ఒక పూట ఛాతీ నొక్కడం నేర్పించమని దగ్గరున్న ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. మా ఊళ్ళో ఆ కుర్రాడు వచ్చే పండక్కి నేర్పిస్తానన్నాడు. ఇరవైమంది పేర్లు రాసుకున్నాను, అందులో ఎనిమిదిమంది ఆడవాళ్ళు.

ఉంటాను. రాత్రి నీళ్ళు పెట్టడానికి పోయేవాళ్ళు టార్చిలైటు, బూట్లు మర్చిపోకండి.