రేగడి, తారు, ఇసుక: జాకీ కింద దిమ్మె

ట్రావెల్ ట్రైలర్ నాలుగు మూలల్లో ఉండే స్టెబిలైజర్ జాకీల పని బండిని పైకెత్తడం కాదు, ఊగకుండా నిలపడం. బరువును చక్రాలు, ముందున్న టంగ్ జాకీ మోస్తాయి. ఎడ్లు విప్పిన బండికి కాడి కింద ఊతకర్ర ఎలాగో, లాగే వాహనం విప్పిన ట్రైలర్‌కు టంగ్ జాకీ అలాగ. లోపల మనుషులు నడిచినా బయట గాలి వీచినా వచ్చే కుదుపును ఆపడం వరకే మూల జాకీల వంతు. వాటి పాదం చిన్నది. అది నేలలో దిగబడకుండా కింద దిమ్మె పెట్టాలి. ఆ దిమ్మెను నిర్ణయించేది ముఖ్యంగా నేల. టెక్సస్‌లో డాలస్ నుంచి సముద్రపు ఒడ్డున ఉన్న పాడ్రే ఐలాండ్ నేషనల్ సీషోర్ దాకా సాగిన మా ప్రయాణంలో మూడు మజిలీలు, మూడు నేలలు తగిలాయి.

మొదటి మజిలీ వేకో దగ్గర, వాన వెలిసిన పచ్చిక మీద. డాలస్ నుంచి శాన్ ఆంటోనియో వైపు సాగే ఇంటర్‌స్టేట్ 35 చాలావరకు బ్లాక్‌లాండ్ ప్రెయిరీని ఆనుకుని పోతుంది. అక్కడి నల్లమట్టి మన నల్లరేగడి జాతిదే: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. తడి రేగడిలో జాకీ పాదం ఒక్కసారిగా కుంగదు, రాత్రంతా కొద్దికొద్దిగా దిగుతుంది. సాయంత్రం ఒక్కొక్క పలక మీద నిలిపిన జాకీల్లో వెనక ఎడమవైపుది తెల్లారేసరికి వదులైంది.

దీనికి మందు వైశాల్యం. బరువు అదే అయినా అది పరుచుకునే చోటు పెరిగేకొద్దీ నేల మీద ఒత్తిడి తగ్గుతుంది. పాదం 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు అనుకుంటే దాని వైశాల్యం 24 చదరపు అంగుళాలు. అమెరికాలో ‘టూ బై టెన్’ పేరుతో అమ్మే పలక నిజానికి ఒకటిన్నర అంగుళాల మందం, తొమ్మిదింపావు అంగుళాల వెడల్పు ఉంటుంది. 18 అంగుళాల ముక్కలు రెండింటిని పక్కపక్కన పరిస్తే 333 చదరపు అంగుళాలు వస్తుంది. వాటిపై మరో రెండింటిని అడ్డంగా పేరిస్తే బరువు అన్నిటికీ పాకి, ఒత్తిడి దాదాపు పద్నాలుగో వంతుకు దిగుతుంది. మర్నాడు ఉదయం ఇలా పేర్చిన జాకీ మళ్లీ వదులు కాలేదు.

దిమ్మెల కన్నా ముందు జరగాల్సిన పనులకు ఒక వరస ఉంది. రసమట్టం చూసి, పల్లంగా ఉన్న వైపు చక్రాన్ని పలక మీదికి ఎక్కించి అడ్డమట్టం సరిచేయాలి. ఆ తర్వాత చక్రాలకు అడ్డుచెక్కలు వేయాలి. అప్పుడే వాహనాన్ని విప్పి, టంగ్ జాకీతో ముందు వెనకల మట్టం చూడాలి. మూల జాకీలు దించడం ఆఖరి పని. పాదం దిమ్మెకు ఆనాక కొద్దిగా బిగిస్తే చాలు. ట్రైలర్ మూల పైకి లేచేంత బిగిస్తే చట్రం మెలి పడుతుంది, తలుపు సరిగా పట్టదు.

రెండో మజిలీ పాడ్రే ఐలాండ్‌లోని మలకైట్ క్యాంపు మైదానం. అక్కడ బళ్లు నిలిపేది తారు మీద. ఎండకు మెత్తబడిన తారులో ఇనుప పాదం గుంట చేస్తుంది కాబట్టి అక్కడా దిమ్మె అవసరమే. ఒకదానిలో ఒకటి ఇమిడే ప్లాస్టిక్ దిమ్మెలకు ఇలాంటి చదును నేల సరిపోతుంది. తేలిక, నీరు పీల్చవు, ఎత్తు కూడా ఒకే తీరుగా ఉంటుంది. గులకరాళ్ల మీద మాత్రం కింద ఖాళీ ఉన్నచోట విరుగుతాయి.

చౌకగా దొరికే బోలు సిమెంటు ఇటుకను ఏ నేల మీదా వాడకూడదు. దాని పలచని గోడల మీద ఇనుప పాదం బరువంతా ఒక్కచోట పడితే హెచ్చరిక లేకుండా పగులుతుంది. కర్ర ముందు నలుగుతుంది, కిర్రుమంటుంది, అంటే చెప్పి మరీ ఓడుతుంది. కర్ర దిమ్మెను నిలువుగా నిలబెట్టకుండా పడుకోబెట్టాలి. కత్తెరలా మడుచుకునే సిజర్ రకం జాకీ పూర్తిగా సాగితే పక్కలకు ఊగడం ఎక్కువవుతుంది. అందుకే ఎత్తు చాలనిచోట జాకీని సాగదీసే కన్నా దిమ్మెలను పేర్చడం మేలు. అయితే పేర్పు ఎత్తు దాని అడుగు వెడల్పును మించరాదు.

మూడో మజిలీ పాడ్రే ఐలాండ్‌లోనే ఉన్న సౌత్ బీచ్. అక్కడ ఇసుక మీదే బళ్లు నడుస్తాయి, అక్కడే విడిది. పొడి ఇసుక బరువు కింద పక్కలకు జారుతుంది. పోటు గీతకు బాగా ఎగువన చోటు చూసుకుని, పైపొర తీసి, గట్టిగా ఉన్న చెమ్మ ఇసుక మీద ముప్పావు అంగుళం మందం, రెండడుగుల చదరం ఉన్న ప్లైవుడ్ పరిచి, దానిపై అడ్డపేర్పు పెట్టాం. అరగంట ఆగి మళ్లీ బిగిస్తే, రాత్రి సముద్రపు గాలికి కూడా ట్రైలర్ కదల్లేదు. ఏప్రిల్ నుంచి జులై దాకా కెంప్స్ రిడ్లీ తాబేళ్లు ఆ ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి వస్తాయి. కాబట్టి చేసిన గుంటలన్నీ పూడ్చాలి, దిమ్మెలన్నీ లెక్కపెట్టి తీసుకుపోవాలి. వాటికి ముదురు రంగు పూసి, తాడు పిడి కడితే ఇసుకలో ఒక్కటీ మిగిలిపోదు.

పాతబడ్డ దిమ్మెను చలిమంటలో వేయకూడదు. చెదలు పట్టకుండా మందు పట్టించిన కర్ర పొగ విషం. అమెరికాలో 2004కు ముందు ఇళ్ల వాడకానికి అమ్మిన అలాంటి కర్రలో ఆర్సెనిక్ కూడా ఉండేది. సముద్రపు ఒడ్డు నుంచి వచ్చాక జాకీ మరలను మంచినీళ్లతో కడిగి, ఇసుకను పట్టని పొడి కందెన వేయాలి.

బయల్దేరేటప్పుడు వరస తిరగబడుతుంది. ముందు మూల జాకీలు పూర్తిగా పైకి ముడవాలి, తర్వాత దిమ్మెలు తీయాలి, ఆపైన వాహనాన్ని తగిలించాలి. చక్రాల అడ్డుచెక్కలు తీసేది అన్నిటికన్నా చివర.